రెండు వరుసల నమాజుకి హాలంతా ఏసీనా?

మసీదులో తెల్లవారుజామున చేసే ఫజర్ నమాజుకి వచ్చేది మహా అయితే రెండు వరుసల జనం. చల్లబరిచేది మాత్రం శుక్రవారం జుమా నమాజు జనమంతా పట్టేంత హాలుని, గుమ్మటంతో సహా. ఎండ దేశాల మసీదుల్లో కరెంటు ఖర్చు అనగానే అందరూ సోలార్ జపం మొదలుపెడతారు. ముందు ఈ దుబారా సంగతి చూడండి బాబూ అన్నదే నా గోల.

అందరూ కలిసి చేసే జమాత్ నమాజు పావుగంటలో అయిపోతుంది. ఏసీలు మాత్రం అజాన్‌కి ఎంతో ముందే మొదలై, జనం వెళ్లిపోయాక కూడా నడుస్తూనే ఉంటాయి. అజాన్ ఇచ్చే మౌజన్‌ని తిట్టి లాభం లేదు. ఒకసారి ఆ స్విచ్‌బోర్డు దగ్గరికెళ్లి చూడండి. ఏ స్విచ్ దేనిదో రాసి ఉండదు. పాపం ఆయన అరచేత్తో వరసంతా ఒకేసారి నొక్కేస్తాడు. వెనక షాండ్లియర్, బాల్కనీ ఫ్యాన్లు, ఎవరూ లేని మూలలో ఏసీ, అన్నీ ఆన్. ముందు భాగానికి విడిగా లైన్ లాగి, మధ్యలో మడత తలుపులు గానీ మందపాటి తెర గానీ పెట్టి, రోజువారీ నమాజులు అక్కడే జరిపితే సగం గొడవ తీరుతుంది. జుమాకి, రంజాన్ రాత్రుల్లో చేసే తరావీహ్ నమాజుకి తెర తీసేస్తే సరి.

ఇక 18 డిగ్రీల పిచ్చి ఒకటి. మామూలు (ఇన్వర్టర్ కాని) ఏసీ 18లో పెట్టినా 25లో పెట్టినా ఒకే జోరుతో చల్లబరుస్తుంది, తేడా అంతా ఎప్పుడు ఆగుతుందన్నదే. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని మన కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతూనే ఉంది. 26లో పెట్టి ఫ్యాన్లు తిప్పండి, పెద్దవాళ్లు నేలకి నుదురు ఆనించే సజ్దాలో వణకకుండా ఉంటారు. చెప్పుల స్టాండు వైపు తలుపులు బార్లా తెరిచి పెట్టకండి, అంతే.

పాత మసీదులకి మందపాటి గోడలు, నీడనిచ్చే వరండాలు, మధ్యలో ఆరుబయలు ఉండేవి. ఇప్పుడు కాంక్రీటు స్లాబు, దానికి తోడు అద్దాలు. కప్పుకి ఇన్సులేషనో తెల్లటి పూతో వేయిద్దామంటే దాత దొరకడు. ఏసీ అయితే క్యూ కడతారు, దాని మీద పేరు రాయించుకోవచ్చు కదా! (కప్పు మీద పేరుంటే కాకులే చదవాలి.)

'అల్లాహ్ ఇంట్లో పిసినారితనమా?' అని కోప్పడేవాళ్లూ ఉన్నారు. మసీదుకి చక్కగా తయారై రమ్మన్న ఖురాన్ వాక్యమే (7:31) తినండి, తాగండి, దుబారా మాత్రం చేయకండి అంటుంది. ఎండ మండిపోతుంటే మధ్యాహ్నపు జొహర్ నమాజు కాస్త చల్లబడ్డాక చదవమన్న ప్రవక్త మాట (హదీసు) బుఖారీ సంకలనంలోనే ఉంది. అసలు ఈ వెసులుబాటుని ఎన్ని కమిటీలు ఆలోచిస్తున్నాయి?

సోలార్ వద్దనట్లేదు. మొరాకోలో, మరాకేష్ నగరంలోని 12వ శతాబ్దపు కుతుబియా మసీదు మీదే ప్యానెళ్లు పెట్టారు. జొహర్, జుమా వేళల్లోనే ఎండ ఎక్కువ కాబట్టి లెక్క కూడా కుదురుతుంది. రాత్రి చేసే ఇషాకి, తరావీహ్‌కి మాత్రం సూర్యుడుండడు, దుబారా ఉంటుంది. అందుకే అది రెండో పని. మొదటి పనికి పైసా ఖర్చు లేదు. కమిటీవాళ్లు కరెంటు బిల్లుని నెలనెలా నోటీసుబోర్డుకి అంటించాలి. తాము వేసిన చందా ఎంత గాల్లో కలుస్తోందో చూశాక తెరకి డబ్బిచ్చేవాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారు.