మా అమ్మాయి రాసింది తప్పెలా అవుతుంది?

ఇప్పుడే పాపని తెలుగు క్లాసు నుంచి తీసుకొచ్చాను. కారులో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంటికొచ్చి వర్క్‌షీట్ చూస్తే తెలిసింది. ‘డిసెంబరులో ఏ కాలం?’ అన్న ప్రశ్నకి గుండ్రటి అక్షరాలతో ‘ఎండాకాలం’ అని రాసింది. దానికి ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కన ‘చలికాలం’ అని దిద్దారు.

మేముండేది ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో! దిద్దినావిడ కూడా ఇక్కడే ఉంటారు. బయట 36 డిగ్రీల ఎండ, ఆ గదిలో ఏసీ నడుస్తోంది. ఏసీ వేసుకుని కూర్చుని చలికాలం అని దిద్దడానికి చెయ్యెలా వచ్చింది? అడిగితే, ‘పుస్తకంలో అలాగే ఉందండీ’ అన్నారు. ఆ పుస్తకం ఇండియాలోని పిల్లల కోసం రాసింది. ఇక్కడ డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి ఎండాకాలం. భూమి 23.5 డిగ్రీలు ఒరిగి తిరుగుతుంది కాబట్టి ఆ నెలల్లో దక్షిణం సగం సూర్యుడి వైపు వంగి ఉంటుంది. సంక్రాంతికి ఉత్తరాయణం వచ్చింది, ఇక పగళ్లు పెరుగుతాయని మనం అంటాం. ఇక్కడ అప్పటికే పగళ్లు తగ్గుతుంటాయి. 2009 ఫిబ్రవరి 7న ఈ ఊళ్లో 46.4 డిగ్రీలు కాసింది. ఆ రోజు రేగిన కార్చిచ్చుల్లో మా విక్టోరియా రాష్ట్రంలో 173 మంది చనిపోయారు. ఆ కాలాన్ని చలికాలం అని పిల్లల చేత రాయిస్తారా?

మన వాళ్లు ఎంత దూరం వచ్చినా దిక్కులు మాత్రం అక్కడివే పట్టుకుంటారు. మా ఇల్లు కొన్నప్పుడూ ఇంతే. ఉత్తరం వైపు పెద్ద కిటికీలున్న ఇల్లు దొరికింది. ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, ఇక్కడ చలికాలమైన జూన్‌లో అయితే నేల అంచు నుంచి 29 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు, ఆ ఎండ కిటికీల్లోంచి ఇంట్లోకి వస్తుంది. అందుకే ఉత్తరపు కిటికీల ఇంటికి ఇక్కడ అంత గిరాకీ. వంటగది ఈశాన్యంలో ఉందని, కొనొద్దని ఇండియా నుంచి వాస్తు ఆయన ఫోన్లోనే తేల్చేశారు. ఆయన ఈ దేశం ఎప్పుడైనా చూశారా? మాకేమో ఎదురు చెప్పే ధైర్యం లేకపోయింది. ఆయన సరేనన్న ఇల్లే కొన్నాం. వంటగది ఆగ్నేయంలో, హాలు దక్షిణాన, ఉత్తరం వైపంతా గ్యారేజీ. చలికాలమంతా ఎండ గ్యారేజీ గోడకి, చీకటి మాకు.

పోయిన జూన్‌లో మా అత్తగారు వచ్చారు, మోకాళ్ల నొప్పుల మనిషి. రెండు స్వెటర్లు వేసుకుని పొద్దస్తమానం హీటర్ పక్కనే కూర్చున్నారు. ‘ఈ ఇంట్లోకి ఎండే రాదేంటమ్మా’ అని ఆవిడ అడిగితే నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు పాప వచ్చి, ‘అమ్మా, మరి జూన్‌లో ఎండాకాలం అని రాయాలా?’ అంటోంది. ‘డిసెంబరు చలికాలం’ అని పదిసార్లు ఇంపోజిషన్ రాసుకుని రమ్మన్నారట. రాయనివ్వను.