గిరిజన నాయకత్వానికి నెమలి ఈకలే తక్కువ

బెంగళూరు కాలేజీలకు నవంబరు వచ్చిందంటే ఈ మధ్య ఓ కొత్త భక్తి పూనుతోంది. బ్రిటిషు వాళ్ళ మీద తిరగబడ్డ ఆదివాసీ నాయకుడు బిర్సా ముండా పుట్టినరోజు నవంబరు 15ని జనజాతీయ గౌరవ దివస్‌గా, అంటే ఆదివాసీల గౌరవ దినంగా జరపాలని కేంద్రం 2021లో ప్రకటించింది. అప్పట్నుంచి ఫ్లెక్సీ ప్రింటర్ల గౌరవం బాగా పెరిగింది. మారతహళ్ళి దాటాక వైట్‌ఫీల్డ్ వైపు ఓ ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పేరెందుకులెండి, మన తెలుగు పిల్లలు బోలెడంత మంది అక్కడే చదువుతున్నారు. దాని గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద "ఉన్నత విద్యలో గిరిజన నాయకత్వం" అని రాశారు. ఓ పక్క బిర్సా ముండా, ఇంకో పక్క రాష్ట్రపతి ద్రౌపది ముర్ము, మధ్యలో వాళ్ళిద్దరినీ మించిన సైజులో ఛైర్మన్‌గారు.

వక్తల్లో ఒక్క ఆదివాసీ లేడు. దీన్ని తప్పుపట్టేంత సంకుచితుణ్ణి కాను. నాయకత్వం గురించి మాట్లాడాలంటే అనుభవం ఉండాలి, అది ఛైర్మన్‌గారి బావమరిదికి కాక ఇంకెవరికుంటుంది? అలాగని ఆదివాసీ విద్యార్థులకు అన్యాయమేమీ జరగలేదు. వాళ్ళకి డాన్సు ఇచ్చారు.

ఆ డాన్సు సంగతి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి. మా వీధి పీజీ హాస్టల్లో ఉండే ఓ అమ్మాయి ఆ కాలేజీలోనే మూడో సంవత్సరం చదువుతోంది. పాడేరు దగ్గర ఊరు, భగత తెగ, నాన్నకి కాస్త కాఫీ తోట. కల్చరల్ కోఆర్డినేటర్ మన నెల్లూరాయనే. చిక్‌పేటలో బేరమాడి నెమలి ఈకల టోపీలు పట్టుకొచ్చి ఈ అమ్మాయి నెత్తిన ఒకటి పెట్టాడు. అవి ఆదిలాబాద్ రాజ్‌గోండులు దీపావళి ముందు దండారి పండగలో గుస్సాడీ నృత్యం ఆడేటప్పుడు పెట్టుకునేవి. పెట్టుకునేది మగవాళ్ళు, అదీ దీక్ష పట్టి.

"సార్, ఇది మాది కాదండి. మా వైపు థింసా ఆడతాం. చీరలు కట్టుకుని, ఒకరి చేతులొకరు పట్టుకుని వరసగా," అందట.

"చీరా? చీర కట్టుకుంటే నువ్వు ట్రైబల్ అని జనానికెలా తెలుస్తుందమ్మా?"

ఎంత లోతైన ప్రశ్న! మానవ శాస్త్రం చదివిన వాళ్ళకైనా తట్టి ఉండదు. ఆపైన చేతికి బల్లెం ఇచ్చి, గెస్టులు కారు దిగగానే "హు హు" అని అరవమన్నాడు. మా ఊళ్ళో ఎవరూ అలా అరవరు సార్ అంటే, "నీకు తెలీదులే, నేను యూట్యూబ్‌లో చూశాను" అన్నాడు. మేకప్ అతనొచ్చి ఆ అమ్మాయి మొహం వంక, డబ్బా వంక మార్చి మార్చి చూసి, "ఇంకొంచెం నలుపు కొట్టమంటారా సార్?" అని అడిగాడు. అమ్మాయిని కాదు, కోఆర్డినేటర్‌ని.

సెల్ఫీల కోసం థర్మకోల్ గుడిసె కూడా వేశారు. అది సరిగ్గా ఎస్సీ ఎస్టీ సెల్ గది తలుపుకి అడ్డంగా వచ్చింది. సాయంత్రం దాకా ఎవరూ గమనించలేదు. గమనించాలంటే ఆ తలుపు ఎప్పుడైనా తెరిచి ఉండాలి కదా.

ఇంతటి గౌరవం పొందాక అమ్మాయి ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఫీజు బాకీ ఉంది, హాల్‌టికెట్ ఇవ్వం అన్నారు. ఆ బాకీ ఆమెది కాదు. ఎస్టీ పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఉంది, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు, విద్యార్థి పక్క రాష్ట్రంలో చదివినా సొంత రాష్ట్రమే ఇవ్వాలి. నిబంధన బంగారంలా ఉంది. డబ్బే రాలేదు. అక్కడ అడిగితే కాలేజీ నుంచి కాగితం రాలేదంటారు, ఇక్కడ అడిగితే మీ రాష్ట్రాన్నే అడుక్కోమంటారు. రెండు ప్రభుత్వాలకీ, ఓ యాజమాన్యానికీ మధ్య ఉత్తరాలు మోసే పని ఇరవయ్యేళ్ళ పిల్లది. పరీక్షలు రెండు వారాల్లో.

ఇక్కడ నాకు వ్యంగ్యం రావడం లేదు. బల్లెం పట్టుకోమన్నప్పుడు మీ పిల్ల, హాల్‌టికెట్ అడిగినప్పుడు పరాయి రాష్ట్రం పిల్లా? వాళ్ళక్క బీఎడ్ చేసి ఇంట్లో కూర్చుంది. ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న 2000 నాటి జీవో 3ని 2020లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడ ఆ దారి మూసుకుపోయింది కాబట్టే చెల్లెలు ఇంత దూరం వచ్చింది. 2019లో ముంబైలో పాయల్ తడ్వి అనే ఆదివాసీ డాక్టరు, పీజీ చదువుతూ ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని ఇంటివాళ్ళ ఆరోపణ. వివక్షను ఆపడానికి ప్రతి కాలేజీలో ఓ అధికారి, సమాన అవకాశాల సెల్ ఉండాలని యూజీసీ 2012లోనే నిబంధనలు రాసింది. వాటిని అమలు చేయించండి మహాప్రభో అని బిడ్డని పోగొట్టుకున్న ఆ తల్లి సుప్రీంకోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. సిగ్గుండాలి. తలుపుకి తాళం వేసి, బయట బోర్డు పెట్టుకుని, కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ వాళ్ళకి చూపించే వాళ్ళందరికీ సిగ్గుండాలి.

1946 డిసెంబరులో రాజ్యాంగ సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసీలకి మీరు ప్రజాస్వామ్యం నేర్పలేరు, వాళ్ళ దగ్గరే మీరు నేర్చుకోవాలి అన్నాడు. ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో చదివాడు, 1928 ఒలింపిక్స్‌కి మన హాకీ జట్టు కెప్టెన్. ఇవాళ ఆ కాలేజీకి వస్తే మా నెల్లూరాయన ఆయన చేతిలోంచి హాకీ కర్ర లాక్కుని బల్లెం పెట్టేవాడు.

నేను ఊరుకోలేక ప్రిన్సిపాల్‌గారిని కలిశాను. మర్యాదస్తుడు, కాఫీ ఇప్పించి, సలహాలుంటే రాసివ్వమన్నారు. ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీకి పిల్లల హాల్‌టికెట్ ఆపొద్దు, ఆ ఎస్సీ ఎస్టీ సెల్‌లో ఆదివాసీ విద్యార్థుల్ని సభ్యులుగా పెట్టి వాళ్ళ సంతకం లేకుండా మినిట్స్ చెల్లవని రూలు పెట్టండి, సెల్‌కి ఓ ఆదివాసీ అధ్యాపకుణ్ణి తెచ్చుకోండి, అని రాసిచ్చాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని కాగితం రెండుసార్లు చదివారు. వెనక్కి తిప్పి కూడా చూశారు.

"అంతా బానే ఉందండీ," అన్నారు. "మరి కల్చరల్ ప్రోగ్రాం?"