పన్ను పీకించే ముందు ఒక్కసారి ఎక్స్‌రే తీయించండి

మా హనుమకొండ దోస్తుల గ్రూపులో ఈ వారం నాలుగోసారి వచ్చిందా మెసేజ్. "రూట్ కెనాల్ చేసిన పన్ను శవంతో సమానం, దాని విషంతో క్యాన్సర్ వస్తుంది. పీకించేసి ఇంప్లాంట్ పెట్టించుకోండి, జీవితాంతం బేఫికర్" అని. ఇంప్లాంట్ అంటే దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిమీద పెట్టే కట్టుడు పన్ను. పంపినవాళ్లంతా నాకు కావలసినవాళ్లే. అందుకే ఊరుకోలేకపోతున్నా.

రూట్ కెనాల్ నొప్పి భరించలేమని కూడా కొందరంటారు. మత్తు సూది ఇచ్చాకే చేస్తారు. ఆ సంగతి అంతే.

క్యాన్సర్ మాటను మాత్రం వదలను. అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు 1920ల్లో పీకిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, రూట్ కెనాల్ పళ్ల వల్లే ఒంట్లో రోగాలు వస్తాయన్నాడు. తర్వాత జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో ఆ వాదన నిలబడలేదు. ఈలోగా దాన్ని నమ్మి ఎందరో బాగుచేసుకోగల పళ్లు పీకించుకున్నారు. వందేళ్ల తర్వాత మళ్లీ అదే పని మనతో చేయిస్తారా? చీము పట్టినా పట్టించుకోని పన్నుతోనే ప్రమాదం. ఆ కుళ్లిన నరాన్ని తీసి శుభ్రం చేయడమే రూట్ కెనాల్.

పరకాలలో మా చిన్నమ్మకు సంక్రాంతి సకినం కొరికితే దవడ పన్ను ఒక మూల విరిగింది. "క్యాన్సరొస్తదట బిడ్డా, పీకించుకుంటా" అని పట్టుబట్టింది. ఎక్స్‌రేలో వేరు గట్టిగా ఉంది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. వానాకాలంలో వెళ్తే ఆ పక్కనే మక్క గారెలు నములుతోంది. ఆమెకు షుగర్. ఇంప్లాంట్ ఎముకకు పట్టుకోవడానికి మామూలుగానే మూడు నుంచి ఆరు నెలలు కావాలి. షుగర్ అదుపులో లేకుంటే అసలు పట్టుకోకపోయే ప్రమాదం ఎక్కువ. మెసేజ్ రాసినాయన ఆమె షుగర్ ఎంతో అడిగాడా?

ఇక "జీవితాంతం" అన్నది. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే డాక్టర్ ఇంప్లాంట్లు పెట్టిన మొదటి మనిషికి అవి నలభై ఏళ్లు, చనిపోయేదాకా నిలిచాయి. అది నిజం. ఇంప్లాంట్ పుచ్చదు, అదీ నిజమే. కానీ సరిగ్గా బ్రష్ చేయకపోతే చుట్టూ చిగురు వాచి, ఎముక కరిగి అదీ ఊడుతుంది.

వేరు నిలువునా చీలితే మాత్రం రూట్ కెనాల్‌కు పెట్టే డబ్బు దండగే. నా పన్ను అట్లాగే పోయింది. రూట్ కెనాల్ అయ్యాక క్యాప్ తర్వాత చూద్దామని ఏడాది లాగాను, చీలింది. ఇప్పుడక్కడ ఇంప్లాంటే ఉంది, బాగానే నములుతున్నా. కానీ అన్నంలో రాయి తగిలితే పక్క పన్ను జివ్వుమంటుంది, దీనికి తెలియదు.