గాజు సహకరించలేదు

మా గాజు బడిలో నేర్చుకునేవాళ్లం ఏడుగురం, కమిటీ సభ్యులు తొమ్మిది మంది. ఇది తప్పని నేననను. ఏ కళకైనా ముందు పాలన కుదరాలి, గాజుదేముంది, తర్వాతైనా వస్తుంది. బెంగళూరులో మారతహళ్లి అవతల ఒక లేఅవుట్‌లో, ఒక ఇంటి కారు షెడ్డులో నడిచే ఈ బడి పేరులో 'కమ్యూనిటీ' అనే మాట ఉంది కాబట్టి, మనం కట్టేది 12,000 అయినా దాన్ని ఫీజు అనకూడదు, 'సహకారం' అనాలి. నేనూ సహకరించాను. ఆదివారం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగు తప్పించుకోడానికి ఇంతకన్నా మర్యాదైన సాకు దొరకలేదు మరి. తీరా వెళ్తే ఇక్కడా అదే మీటింగు, కాకపోతే కళ్లద్దాలు పెట్టుకుని కూర్చోవాలి.

2022ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ గాజు సంవత్సరంగా ప్రకటించిందే, ఆ ఊపులో పుట్టిన సంస్థ ఇది. అధ్యక్షులవారు రిటైరైన ప్రాజెక్టు మేనేజరు, బట్టీలో వేడి ఎంతుందో కూడా ఎక్సెల్ షీటులోనే చూస్తారు. విజన్ లీడ్ మేడం ఒకసారి మురానో వెళ్లొచ్చారు. 1291లో వెనిస్ వాళ్లు ఊళ్లో నిప్పంటుకుంటుందన్న భయంతో గాజు కొలిములన్నీ ఆ దీవికి తరలించారని మొదటి క్లాసులో చెప్పారు. రెండో క్లాసులోనూ చెప్పారు. మూడో ఆదివారం లాల్‌బాగ్ గ్లాస్‌హౌస్‌కి తీసుకెళ్లి, 1889లో దానికి శంకుస్థాపన జరిగిందని చెప్పి ఫొటోలు తీయించారు, మేం మొక్కజొన్న పొత్తులు తిని తిరిగొచ్చాం.

ఇంతమందిలో గాజు కోయడం వచ్చిన మనిషి ఒక్కరే. ఆయన ఫ్యాకల్టీ కాదు. మామూలు రోజుల్లో కిటికీలకి అద్దాలు వేసే షాపులో పని, ఆదివారం మా దగ్గర 'హెల్పర్'. శ్రీకాళహస్తి వైపు ఊరు. వాళ్ల తాత పాపానాయుడుపేటలో పూసల కొలిమి దగ్గర పనిచేశాడట: కరిగిన గాజుని ఇనప గొట్టానికి పట్టించి, లోపల బోలుగా ఉండేట్టు సన్నని పుల్లల్లా బారెడు బారెడు లాగి, ఆ పుల్లల్ని తరిగి పూసలు చేయడం. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గర అరికమేడు అనే పాత రేవులో చేసింది కూడా ఇలా లాగిన పూసలే. ఇదంతా అన్న టీ తాగుతూ చెబితే మేడం "హౌ స్వీట్" అని, మురానో స్లైడు మార్చారు.

మాకు కోత నేర్పాల్సిన సార్ నలభై నిమిషాలు స్లైడ్లు చూపించి, కట్టర్ని గట్టిగా అదిమి గీశారు. గాజు ఆయన గీసిన దారి వదిలేసి కర్ణాటక మ్యాపులా విరిగింది. దాన్ని ఆర్గానిక్ ఎడ్జ్ అంటారని మేం నోట్సు రాసుకున్నాం. సార్ అటు తిరగ్గానే అన్న కట్టర్ చక్రాన్ని కిరసనాయిల్లో ముంచి నా చేతికిచ్చాడు. "బలం పెట్టొద్దు సార్, చెవి పెట్టండి. పట్టుచీర చించినట్టు సన్నంగా శబ్దం రావల్ల. కరకరమంటే ఎక్కువ తొక్కినారని." గీశాను, సన్నగా సర్రుమంది. ఆలస్యం చెయ్యకుండా గీతకి రెండు పక్కలా బొటనవేళ్లు పెట్టి వంచమన్నాడు. టిక్. తిన్నగా రెండు ముక్కలు. మూడు నెలల్లో నేను నేర్చుకున్నది ఇదొక్కటే, దానికి సర్టిఫికెట్ మాత్రం స్లైడ్ల సార్ పేరున వచ్చింది.

పాలనాదక్షత చూడాలంటే గ్రైండరు దగ్గరికి రావాలి. అంచులు అరగదీస్తే నీళ్లలో తెల్లటి బురద దిగుతుంది, తడిగా ఉండగానే తీసేయాలి, ఎండి దుమ్మై ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రమాదం. ఎవరు తీయాలనే దాని మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండుసార్లు కూర్చుంది, మధ్యలో బురదంతా అన్నే తీసేశాడు, మూడోసారి కూర్చుని తమ పనితీరుకి అభినందనలు తెలుపుకున్నారు.

ఆ శనివారం రాత్రి సంగతి మినిట్స్‌లో ఉంది కాబట్టి చెప్పొచ్చు. బట్టీ 800 డిగ్రీల దాకా వెళ్లి గాజు ముక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, కిందికి దిగి 500 దగ్గర గాజుని కాసేపు నిలబెట్టాలి, అక్కడ తొందరపడితే లోపల ఒత్తిడి ఉండిపోయి పగులుతుంది. సరిగ్గా ఆ సమయానికి కరెంటు పోయింది. "మూత ముట్టుకోవద్దండి, వేడి దానంతటదే దిగుతాది" అన్నాడు అన్న. కమిటీ చర్చించి, పరిస్థితిని ప్రత్యక్షంగా సమీక్షించాలని తీర్మానించి మూత ఎత్తింది. ఏడుగురి పళ్లేలూ టప్ టప్‌మని వరసగా పగిలాయి. నాది తామరపువ్వు, నాలుగు వారాల పని. మినిట్స్‌లో ఒకటే వాక్యం రాశారు: 'గాజు సహకరించలేదు.'

అధ్యక్షులవారికి ఇష్టమైన కథ ఒకటుంది. 1962లో హార్వే లిటిల్‌టన్ అనే ప్రొఫెసరు, అమెరికాలో టొలీడో మ్యూజియం వాళ్ల గ్యారేజీలో చిన్న కొలిమి పెట్టి, గాజు ఫ్యాక్టరీల్లోనే కాదు, కళాకారుడు ఒంటరిగానూ చేయొచ్చని నిరూపించాడు. "మనదీ గ్యారేజీయే కదా!" అంటారు, ఆ పోలిక వరకు నిజమే. అయితే ఆ గ్యారేజీకి హార్వే లీఫ్‌గ్రీన్ అని ఇంకో హార్వే వచ్చాడు, గ్లాసుల ఫ్యాక్టరీలో జీవితమంతా గాజు ఊది రిటైరైనవాడు. ఊదడం ఎలాగో అక్కడి వాళ్లకి చేసి చూపించింది ఆయనే. అధ్యక్షులవారు కథని ఎప్పుడూ మొదటి హార్వే దగ్గరే ఆపేస్తారు. టైం చాలదు, తర్వాత మీటింగు ఉంటుంది.

మొన్న పట్టా ప్రదానం ఘనంగా జరిగింది. నేర్చుకున్నవాళ్లకి ఏడు, నేర్పినందుకు కమిటీకి తొమ్మిది, మొత్తం 16 సర్టిఫికెట్లు, అన్నీ ఫ్రేములు కట్టించి ఇచ్చారు. అన్నకి లేదు, హెల్పర్ హోదాకి టెంప్లేట్ తయారుకాలేదట. ఫ్రేముల అద్దాలు కోసింది మాత్రం ఆయనే, ఒక్కటీ విరగలేదు. బిల్లు 1,920 రూపాయలు. కోశాధికారి దాన్ని రెండుసార్లు చదివి, "అన్నా, దీన్ని మీ సహకారం కింద రాసుకుందామా?" అన్నారు.

"రాసుకోండి సార్," అన్నాడాయన. "ఆ కాగితానికి కూడా అద్దం ఎయ్యాల్నా?"

ఆ అంశం తదుపరి మీటింగుకి వాయిదా పడింది.