మా పార్కు మూలన వెలసిన సిమెంటు బెంచీ గారికి

మహారాజశ్రీ సిమెంటు బెంచీ గారి సముఖానికి, విజయవాడ సత్యనారాయణపురం వాస్తవ్యుడు, లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసి 68వ ఏట అడుగుపెట్టిన ఒక తాతగారు వ్రాసుకొంటున్న విన్నపం. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. తమరు కుశలమేనని ఏటేటా తమకు పూసే కొత్త రంగే చెబుతోంది. ఇక నా విషయానికొస్తే, మోకాళ్లను మినహాయించి మిగిలినదంతా కుశలం.

ముందు ఆ మోకాళ్ల సంగతే మనవి చేస్తాను. నిన్న సాయంత్రం టేపు తెచ్చి తమరి ఎత్తు కొలిచాను. 32 సెంటీమీటర్లు వచ్చింది. వయసు మళ్లిన మనిషి ఎవరి చెయ్యీ అడగకుండా కూర్చొని లేవాలంటే ఆసనం సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని, వీపు ఆనించుకోవడానికి వెనుక పలక, లేచేటప్పుడు ఊతంగా పట్టుకోవడానికి పక్కన చేతులు ఉండాలని ఈ విద్య తెలిసినవారు చెబుతారు. 45 సెంటీమీటర్లంటే మన మూర. మా తాతగారి ఇంటి అరుగు కట్టిన మేస్త్రి ఏ గ్రంథమూ చూడకుండా తన మోచేతితో కొలిచి కట్టిన ఎత్తు అదే. తమరిని పోసిన మూసకు మోచెయ్యి లేకపోవడం తమరి తప్పు కాదని ఒప్పుకొంటాను. కానీ దాని పర్యవసానం చూడండి. తమరి మీద ఒకసారి కూలబడిన పెద్దలు గంటల తరబడి కదలకపోవడం గమనించి, పార్కు వృద్ధులకు ఎంతగా నచ్చిందోనని కమిటీవారు మురిసిపోతున్నారు. నచ్చి కూర్చోలేదండీ, లేవలేక కూర్చున్నాం.

తమరు చూసే దిక్కు మరొక విశేషం. పిల్లల జారుడుబల్ల, ఉయ్యాలలు తమరి వెనుక ఉన్నాయి. ఎదురుగా ప్రహరీ గోడ ఉంది. ఆ గోడ మీద ఒక తాత మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకొని కథ చెబుతున్నట్టు రంగురంగుల బొమ్మ వేయించి, కింద ‘తరాల మధ్య అనుబంధం’ అని రాయించారు. అసలు మనవల కేరింతలు వీపుకు వినిపిస్తుండగా, గోడ మీది మనవడిని కన్నార్పకుండా చూస్తూ కూర్చోవడమనే భాగ్యం మాకు తమరి వల్లనే కలిగింది. తమరి తోబుట్టువులైన మరో మూడు బెంచీలు కూడా ఒకే వరుసలో, అటే తిరిగి ఉన్నాయి. పక్కవారితో మాట్లాడాలంటే మెడ తిప్పాలి, మెడ తిప్పితే డాక్టరుగారు తిడతారు. రెండు బెంచీలను మూలమట్టం ఆకారంలో వేస్తే మనుషులు ముఖాముఖి పడతారన్న సంగతి పదో తరగతిలో రేఖాగణితం తప్పినవాడికి కూడా తెలుస్తుంది.

ఇక తమరి నెత్తిన నిలబెట్టిన బోర్డు. ‘60 ఏళ్లు దాటిన వయోవృద్ధులకు మాత్రమే.’ జారుడుబల్ల దగ్గర దాని కవల ఉంది: ‘12 ఏళ్ల లోపు పిల్లలకు మాత్రమే.’ రెండింటి నడుమ నడకదారి, దాని మీద ‘ఆగరాదు, గుంపులుగా నిలబడరాదు’ అని మూడోది. ఆ నడుమ వయసువారు నడవవచ్చు గాని ఆగకూడదన్నమాట.

ఈ బోర్డుల పుణ్యమా అని జరిగినది విన్నవిస్తాను. మా పక్క వాటాలో ఉండే 11 ఏళ్ల పిల్లవాడు భిన్నాల కూడికలో చిక్కుపడి నా దగ్గరకు వచ్చాడు. హారాలు వేరైనప్పుడు పైవాటిని పైవాటితో, కిందివాటిని కిందివాటితో కలిపేసే తరతరాల పొరపాటే అది. అతని చేతిలో రంగుల గడుల ఘనం ఒకటుంది, అదే, తిప్పి తిప్పి ఒక్కో ముఖానికి ఒక్కో రంగు తెప్పించేది. నలభై ఏళ్ల లెక్కల అనుభవంతో నేను దానిని పుచ్చుకొని పావుగంటలో మరింత చెడగొట్టాను. దానితో మా మధ్య ఒడంబడిక కుదిరింది. నేను భిన్నాలు చెబుతాను, వాడు ఘనం నేర్పుతాడు. మొదటి వరుస పూర్తవుతుండగా వాచ్‌మన్ వచ్చి, ‘‘మాస్టారూ, మీరు కూర్చోండి. బాబు లేవాలి, రూలు మాస్టారూ’’ అన్నాడు. ‘‘మరి నేనెప్పుడు కూర్చోవచ్చు తాతగారూ?’’ అని పిల్లవాడు నన్నడిగాడు. ప్రశ్న లెక్కలది కనుక లెక్కే చెప్పాను. వచ్చే ఏడాదికి జారుడుబల్ల చెల్లదు, అక్కడి నుంచి తమరి దగ్గరకు రావడానికి సరిగ్గా 48 ఏళ్లు. వాడు ఘనాన్ని సంచిలో పెట్టుకొని వెళ్లిపోయాడు.

60 అనే గీత తమరు గీసినది కాదని నాకు తెలుసు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం కూడా వయోవృద్ధులంటే 60 నిండినవారనే చెప్పింది. అయితే ఆ చట్టం మాకు తిండి, నీడ దక్కడానికి గీత గీసింది గాని, మా పక్కన ఎవరు కూర్చోకూడదో చెప్పడానికి గీయలేదు.

‘మళ్లీ అరుగుల పురాణమా?’ అని తమరు విసుక్కోవచ్చు. అరుగు మీద అందరికీ చోటుండేదని నేను అబద్ధమాడను. కులం చూసి కూర్చోనిచ్చిన అరుగులున్నాయి. ఆడవాళ్లు తలుపు చాటు నుంచే మాట కలపవలసి వచ్చిన అరుగులూ ఉన్నాయి. ఆ లోపం పోయి, వీధిలోని ప్రతివారూ కూర్చోగల చోటు వస్తుందని ఆశపడ్డవాళ్లలో నేనొకడిని. తమరు వచ్చి, కులం తీసేసిన చోట వయస్సును కూర్చోబెట్టారు.

ఈ ఊరికి వేరే సంప్రదాయం ఒకటుంది, తమరు పోతపోసుకోకముందుది. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది ఇక్కడే, అప్పటి బెజవాడలో. అయ్యంకి వెంకటరమణయ్యగారివంటివారు ఊరూరా పఠన మందిరాలు పెట్టించడానికి కాళ్లరిగేలా తిరిగిన రోజులవి. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. చదువు వయస్సు చూసి ఆగే వస్తువు కాదని తెలిసినవారు గనుకనే అంత శ్రమపడ్డారు. ఇప్పటికీ మన గ్రంథాలయాల్లో ఒకే బల్లకు ఇటు గ్రూప్స్ పరీక్షకు చదివే కుర్రవాడు, అటు సంపాదకీయం చదివే పెద్దాయన కూర్చొని, దినపత్రికను పేజీలుగా విడదీసి పంచుకొంటారు. అక్కడ ఎవరికీ బోర్డు పెట్టలేదు, పేపరు ఒక్కటే ఉంది, అంతే. కలవడానికి ఏదో ఒక పని ఉంటే చాలు, మనుషులు కలుస్తారు.

నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ అనే ఊళ్లో ఒక వృద్ధాశ్రమంవారు కాలేజీ విద్యార్థులకు అద్దె లేకుండా గదులిచ్చి, బదులుగా నెలకు 30 గంటలు అక్కడి పెద్దలకు మంచి ఇరుగుపొరుగుగా మెలగమన్నారు. మా కమిటీ సమావేశంలో ఈ మాట చెప్పాను. విని, మెచ్చుకొని, గోడ మీది బొమ్మకు ఇంకో పూత వేయించాలని తీర్మానించారు.

నేను కోరేది వృద్ధాశ్రమమూ కాదు, కాలేజీ గదులూ కాదు. తమరిని ఒక మూర ఎత్తుకు లేపి, వేపచెట్టు నీడకు జరిపి, ముఖం జారుడుబల్ల వైపు తిప్పాలి. ఎదురుగా చదరంగం గడులు చెక్కిన బల్ల ఒకటి వేయాలి. గేటు దగ్గర మూడు మెట్లకు బదులు, అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవున వాలుబాట పోయించాలి. మంచినీళ్లు, మరుగుదొడ్డి సంగతి వేరే చెప్పనక్కరలేదు; అవి లేని పార్కుకు పెద్దలూ పిల్లలూ అరగంటకు మించి రారు. బోర్డులు మూడూ పీకితే ఆ ఇనుముకే కొంత డబ్బు వస్తుంది.

అందాకా మా మకాం మారింది. పార్కు గేటు బయట కాలువకు అడ్డంగా కల్వర్టు ఉంది, దాని పిట్టగోడ సరిగ్గా మూరెడు ఎత్తు. కట్టిన ఇంజనీరు మా కోసం కట్టలేదు, దోమలు కూడా మా కోసం పుట్టలేదు. అయినా సాయంత్రం అయిదున్నరకల్లా పిల్లవాడు నోటుపుస్తకంతో వస్తాడు. వాడి చెల్లెలు వస్తుంది. ఎదురింటి మామ్మగారు ఫోనులో డబ్బు పంపడం నేర్చుకోవడానికి వస్తారు, నేర్చుకొన్నాక వడియాల పిండిలో ఉప్పు పాళ్లు ఎవరికో చెబుతుంటారు. నా ఘనంలో రెండు వరుసలు పూర్తయ్యాయి, మూడోది మొండికేస్తోంది. రాత్రి ఎనిమిదికి తమరిని లోపల పెట్టి గేటుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకొని వాచ్‌మన్ కూడా వచ్చి, కూతురి ఇంటర్ త్రికోణమితి పుస్తకం నా చేతికిస్తున్నాడు. అతనికి 45 ఏళ్లు. తమరి మీద కూర్చొనే అర్హత రావడానికి ఇంకా 15 ఏళ్లు ఉంది గనుక, ప్రస్తుతానికి మా పక్కనే సర్దుకొంటున్నాడు.

చిత్తగించవలెను.

ఇట్లు,
కల్వర్టు గోడ మీది లెక్కల మాస్టారు