వాల్యుయర్ వచ్చేది మీ రంగులు చూడనీకి కాదు

ఇల్లు అమ్మకానికి పెట్టంగనే మనోళ్లకు మొదలు యాదికొచ్చేది పెయింటర్. నల్లగొండ రామగిరిల అయినా, పాలమూరు మెట్టుగడ్డల అయినా ఇదే తంతు. లక్షన్నర పెట్టి లోపల, బయట రంగులేపిస్తరు, హాల్ల ఫాల్స్ సీలింగ్ పెట్టిస్తరు. కాయితాలేమో బీరువా అడుగున చీరల కింద. కొనేటోడు లోన్‌కు పోయినంక వాల్యుయేషన్ తక్కువొస్తే తిట్లన్నీ బ్యాంకు తరఫున ఇంటి విలువ కట్టనీకి వచ్చే వాల్యుయర్‌కే.

ఆయన జాగ లెక్క వేరే కడతడు, బిల్డింగ్ లెక్క వేరే కడతడు. జాగకు ఆ గల్లీల నడుస్తున్న రేటు. బిల్డింగ్‌కు, ఇయ్యాల కడితే ఎంతయితదో చూసి, వయసును బట్టి కోత. ఆర్సీసీ (ఇనుప చువ్వలు, కాంక్రీటుతోని కట్టిన) ఇంటికి 60 ఏండ్ల ఆయుష్షు, ఆఖరికి 10 శాతం మిగులుతదని పట్టుకుంటే ఏడాదికి 1.5 శాతం పోతది. 1,000 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 అనుకోండ్రి. కొత్తదైతే 18 లక్షలు, 20 ఏండ్లదైతే 12 లక్షల 60 వేలు. ఎంత ఖరీదైన రంగేసినా గా 20 ఏండ్లు 15 కావు. అదే స్లాబ్ పెచ్చులూడి చువ్వలు కనబడ్డయనుకో, మిగిలిన ఆయుష్షు ఇంకా తగ్గించి రాస్తడు.

బేరం 60 లక్షలకు కుదిరి, వాల్యుయేషన్ 50 వచ్చిందనుకోండ్రి. బ్యాంకు రెండిట్ల తక్కువదే పట్టుకుంటది. 30 లక్షలు దాటి 75 లక్షల దాకా లోన్ అయితే 80 శాతం మించొద్దని రిజర్వు బ్యాంకు రూల్. 48 లక్షలొస్తయనుకున్నోనికి 40 వస్తయ్. తగ్గిన 8 లక్షలు, మీదికెళ్లి 7.5 శాతం రిజిస్ట్రేషన్ ఖర్చు, రెండూ ఆయన జేబుల నుంచే. ఇగ బేరం మళ్ల మొదటికొస్తది.

అందుకే పెయింటర్ కన్నా ముందు ఈసీ తియ్యండ్రి, అంటే జాగ మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపెట్టే సర్టిఫికెట్. బ్యాంకు వకీలు మామూలుగ 30 ఏండ్లది అడుగుతడు. పాత లోన్ ఎప్పుడో కట్టేసి ఉంటరు, గని తనఖా విడిపించినట్టు రాసే రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయించరు. ఈసీల ఆ తనఖా ఇంకా అట్లనే కనబడ్తది. బేరం కుదిరినంక బ్యాంకు చుట్టూ తిరిగితే నెల పోతది. లింకు డాక్యుమెంట్లు, అంటే మీకంటె ముందు ఇల్లు చేతులు మారిన కాయితాలు, ఒక్కటి తప్పిపోయినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుల సర్టిఫైడ్ కాపీ తీసుకోవాలె. డాక్యుమెంట్ల ఒక ఇంటి నంబరు, టాక్స్ రశీదుల ఇంకోటి ఉంటే మున్సిపాలిటీ నుంచి రెండూ ఒక్కటే ఇల్లని కాయితం కావాలె. ఇగ 2020ల ఎల్ఆర్ఎస్‌కు (పర్మిషన్ లేని ప్లాట్లను క్రమబద్ధం చేసే స్కీముకు) కట్టిన వెయ్యి రూపాయల రశీదును పర్మిషన్ అనుకునేటోళ్లు మస్తుమంది ఉన్నరు. అది దరఖాస్తు రశీదు మాత్రమే. మొత్తం ఫీజు కట్టి ప్రొసీడింగ్స్, అంటే మంజూరు కాయితం, చేతికొస్తేనే లెక్క.

హద్దులు మీరే ఒకసారి టేపు పట్టి కొల్వండ్రి. 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు అంటే 200 గజాలు. రోడ్డు వెడల్పుల నాలుగడుగులు పోయి ఉంటే పొడవు 56, అంటే 186 గజాల చిల్లర. డాక్యుమెంట్ల ఎంతున్నా, జాగ మీద ఎంతుంటే అంతే రాస్తరు. ప్లాన్ల జీ ప్లస్ వన్ (కింద ఒకటి, మీద ఒక అంతస్తు) ఉండి మీద ఇంకో అంతస్తు లేపితే, పర్మిషన్ లేని ఆ అంతస్తుకు బ్యాంకు సాధారణంగ విలువ కట్టదు. మిద్దె మీది రేకుల రూం సంగతి చెప్పనే అక్కర లేదు.

పైసలు పెట్టాల్నంటే నీళ్ల మీద పెట్టండ్రి. మిద్దె మీద వానగొట్టాల మూతులు మూసి, రెండించుల నీళ్లు నింపి ఒక దినం ఉంచితే ఎక్కడ కారుతదో కింద తెలుస్తది. ఎక్కువగ పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలల్నే ఉంటది. అక్కడ చెక్కి, ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ల ఇసుక కలిపిన మాలుల వాటర్‌ప్రూఫ్ మందు కలిపి మూల ఏటవాలుగ పూడ్వాలె. ఆరినంక పిట్టగోడ మీదికి అడుగు దాకా రెండు కోటింగులు. చువ్వ తుప్పు పట్టిన కాడ ఉత్త సిమెంటు మెత్తుడు దండగ. వదులైన కాంక్రీటు కొట్టేసి, చువ్వను తీగ బ్రష్‌తో రుద్ది, తుప్పు ఆపే మందు పూసి, అప్పుడు మూయాలె. లోపల తుప్పు ఉబ్బుతనే ఉంటది కాబట్టి, పైపైన మెత్తింది మళ్ల ఊడొస్తది.

గోడకు తెల్లగ ఉప్పు పూస్తే నీళ్లు పోసి కడుగుతరు. నీళ్లతోని ఆ ఉప్పు కరిగి మళ్ల గోడలకే పోతది. పొడి బ్రష్‌తో దులపాలె. చెమ్మ ఆగినంక గోడ ఆరనీకి మూడు నాలుగు వారాలు వదిలి, తర్వాతనే లప్పం. పచ్చి గోడకు లప్పం పెడితే నెల తిరగకముందే బుడగలు. కొత్త రంగు మీద బుడగలు చూస్తే వాల్యుయర్‌కు ఏదో దాస్తున్నరని అనుమానం.

సీసీ రోడ్డు ముచ్చట మన చేతుల లేదు. పాత రోడ్డు తవ్వకుండ దాని మీదనే కొత్తది వేస్తరు, ఇల్లు పల్లమైతది. గేటు కాడ గడప ఎత్తు చేసి వాన నీళ్లకు దారి చేసి పెట్టండ్రి, లేకుంటే రిపోర్టుల పల్లం జాగ అని పడ్తది.

వాల్యుయర్ వచ్చిన నాడు "సార్, జర ఎక్కువ రాయుండ్రి" అనకుండ్రి. అదే గల్లీల ఈ మధ్య రిజిస్టరైన ఇంటి డాక్యుమెంట్ సర్టిఫైడ్ కాపీ చేతిల పెట్టండ్రి, అది పనికొస్తది. మిద్దె మెట్లు, సంపు, బోరు, కిరాయి పోర్షన్ అన్నీ చూస్తడు, ఫోటోలు దిగుతడు. కిరాయిదారు ఊరికి పోతుంటే తాళంచెవి ముందు రోజే తీసుకోండ్రి. తాళమున్న రూం లోపల చూడలేదని రాస్తే, ఆయన మళ్ల రావాలె, మళ్ల వారం ఆలస్యం.