నాలుగు నెలల పంట, పదిహేనేళ్ల లెక్క

కావలిలో మోటారు వైండింగ్ దుకాణం, అంటే కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే దుకాణం నడుపుతున్నాను. ఈ నెలలో ఒకే వాట్సాప్ సందేశాన్ని ఆరుగురు నాకు పంపారు. "ఓపిక చేతకానివాళ్ల మాట, ఏడాదిలో పైకి రాకపోతే ఆ పని వదిలేయండి" అని దాని సారం. ఉదాహరణలు మన నెల్లూరువే కాబట్టి ఊరుకోలేకపోయాను.

మొదటిది రొయ్యల చెరువులు. "వాళ్లు నాలుగు నెలల్లో లక్షలు చూస్తున్నారు" అట. ఇప్పుడు పెంచే వనామి రకం రొయ్య పంట నాలుగు నెలలదే, కాదనను. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. అప్పుడు నీటికి గాలి అందించే ఏరేటర్ మోటారు కాలిందంటే పంట మొత్తం ఒక్క రాత్రిలో పోవచ్చు. అందుకే రైతులు అర్ధరాత్రి నా తలుపు తడతారు. 1990లలో, అప్పట్లో పెంచే టైగర్ రొయ్యకు తెల్లమచ్చ వైరస్ సోకి చెరువులకు చెరువులే తుడిచిపెట్టుకుపోయాయి. దాని స్థానంలో వచ్చిన వనామికి ప్రభుత్వ అనుమతి 2009లో గాని రాలేదు. ఈ మధ్యకాలమంతా అప్పు మోస్తూ చెరువు గట్టు వదలనివాళ్లు నా ఖాతాదారుల్లోనే ఉన్నారు. సందేశం రాసినాయన లాభం వచ్చిన నాలుగు నెలలనే లెక్కపెట్టాడు.

రెండోది, "ప్రతిభ ఉంటే బాలు గారిలా ఇరవై ఏళ్లకే వెలుగుతారు". ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం తొలి సినిమా పాట పాడింది 1966లో, ఇరవై ఏళ్ల వయసులోనే. మొదటి జాతీయ పురస్కారం మాత్రం 1979 సంవత్సరానికి, 'శంకరాభరణం' పాటకు వచ్చింది. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని ఆయన, అప్పటికే పేరున్న గాయకుడై ఉండి కూడా, ఆ పాటల కోసం సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుగళేంది దగ్గర విద్యార్థిలా కూర్చుని సాధన చేశారు. ఆ సంగతి సందేశంలో లేదు.

మూడోది, "ఏడాదికో ఉద్యోగం మారండి". నా దగ్గర చేరిన కుర్రవాడికి మొదటి ఆరు నెలలు కాలిన తీగ విప్పి, చుట్లు లెక్కపెట్టి, గేజి (తీగ మందం) రాసుకోవడమే పని. విసుగే. కానీ చుట్లు తగ్గితే మోటారు వేడెక్కి మళ్లీ కాలుతుంది. ఆ నష్టం చెరువు రైతుది.

అయితే ఇక్కడ సందేశానికి సగం మార్కులు వేస్తాను. నా తొలి యజమాని రెండేళ్లు నాచేత టీలు తెప్పించాడే తప్ప తీగ ముట్టుకోనివ్వలేదు. అది ఓపిక అనుకున్నాను. ఈ సందేశం అప్పుడే చేరి ఉంటే ఆరు నెలలకే బయటపడేవాణ్ని.